కీళ్ల గుజ్జునకు కదలికయే యాహారము

“మోకాళ్లలో గుజ్జరిగిపోయినదట!” నడివయసు దాటిన స్త్రీలు నలుగురు కూడినచోట నేడీ మాట వినబడని పూట లేదు. పెండ్లిపందిటిలో, గుడిమండపమున, కూరలబండికడ ఒకరు తమ మోకాలు నిమురుకొనుచు నీ మాట యందురు. తక్కినవారు తలయూచి నిట్టూర్తురు. అంతటితో ఆ ప్రసంగము ముగియును. గుజ్జు పోయినది, ఇక రాదు, కదలక కూర్చుండుటయే గతి యని అందరును ఒప్పుకొన్నట్లే. మేమును అట్లే నమ్మి, మా యింటి పెద్దదిక్కునకు తెలియక అపకారము చేసితిమి. ఆ పొరపాటును, దానిని దిద్దుకొనుటకై పిమ్మట తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు తెలుపదలచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మా అత్తగారికి ఇప్పుడు 71 సంవత్సరములు. మూడేండ్ల క్రిందటివరకు తెల్లవారుజామున లేచి వాకిట ముగ్గుపెట్టుట, కత్తిపీట ముందువేసికొని కూరలు తరుగుట, ప్రతి శనివారము ఊరిచివర గుట్టమీది వేంకటేశ్వరస్వామి గుడికి నలువది మెట్లెక్కి పోవుట ఆమెకు అలవాటు. ఆ యేటి వానకాలమున కుడిమోకాటి నొప్పి యారంభమైనది. ఉదయము లేవగానే కాలు కొయ్యవలె బిగిసియుండెడిది; నాలుగడుగులు వేసిన పిమ్మట సడలెడిది; మెట్లు దిగునప్పుడు కలుక్కుమనెడిది. ఎక్సురే తీయించితిమి. ఎముకల నడుమ నుండవలసిన ఎడము తగ్గినదనియు, గుజ్జరిగినదనియు చెప్పిరి.

అంతట మేమొక నిశ్చయమునకు వచ్చితిమి. అరిగినదానిని మరల అరుగనీయకుండుటయే గదా బుద్ధిమంతుల పని! నాటినుండి ఆమెను మంచము దిగనీయలేదు. కాఫీ మంచముకడకు, భోజనము మంచముకడకు, వత్తులు చేసికొనుటకు దూది మంచముకడకు. ముగ్గు మేము పెట్టితిమి. గుడి ప్రసాదము ఇంటికే తెచ్చితిమి. ఇరుగుపొరుగువారు “కోడలంటే ఇట్లుండవలెను” అని మెచ్చుకొనగా మేమును లోలోన పొంగితిమి. నాలుగు మాసములు గడచునప్పటికి ఆమె తొడలు చిక్కిపోయినవి, ఒడలు బరువెక్కినది, స్నానాలగదికి పోవుటకు ఇద్దరి భుజములు కావలసివచ్చినవి. నొప్పి మాత్రము ఇసుమంతయు తగ్గలేదు. ఒకనాటి రాత్రి మేము కాళ్లొత్తుచుండగా ఆమె, “నా కాళ్లు నొప్పికి పోలేదే అమ్మాయీ, మంచానికి పోయాయి” అనెను. ఆ మాట కోపముతో అన్నది కాదు. అందుచేతనే మాకు మరింత నాటినది.

ఆ నెలలోనే మా తండ్రిగారు మమ్ము చూడవచ్చిరి. ఆయన సంస్కృతాంధ్రములు చదివినవారు. ఇంటివద్దనే మాకు కావ్యములు చెప్పినదియు ఆయనయే. దానితోపాటు రెండెకరముల సేద్యమును చేసెడివారు. వియ్యపురాలి స్థితి చూచి, మమ్ము పెరటిలోనికి పిలిచి, “మన రాముణ్ణి మరిచిపోయావా తల్లీ?” అని యడిగిరి. రాముడు మా పుట్టినింటి ఎద్దు. ముసలితనమున దాని వెనుకకాళ్లు పట్టుకొనిపోయి, ఉదయమున లేచుటకు మిక్కిలి కష్టపడెడిది. మా తండ్రిగారు దానిని నాగలినుండి తప్పించిరిగాని గుంజకు కట్టివేయలేదు. ఉదయము, సాయంకాలము మెత్తని గట్టువెంట చెరువుదాక మెల్లగా నడిపించి తెచ్చెడివారు. బరువెక్కకుండ తవుడు కొలిచి పెట్టెడివారు. కుంటుచు బయలుదేరిన ఎద్దు తిరిగివచ్చునప్పటికి చక్కగా నడచుట మేము చిన్ననాట కన్నులార చూచినదే. ఎద్దునకు జరిగిన ఉపచారము అత్తగారికి చేయ తోచకపోయెను గదా యని సిగ్గుపడి, మరునాడే జిల్లా ముఖ్యపట్టణమున ఒక ఎముకల వైద్యునికి ఆమెను చూపించితిమి. ఆయన చెప్పినదియు, పిమ్మట మేము చదివి తెలిసికొన్నదియు ఈ క్రింద వ్రాయుచున్నాము.

గుజ్జనగా నేమి?

గుజ్జను పేరే మనలను కొంత మోసగించుచున్నది. ఆ పేరు వినగానే చింతపండు గుజ్జువంటిదేదో కీలులో నింపబడియున్నదనియు, అది కారిపోయినదనియు తోచును. నిజమట్లు కాదు. సుశ్రుతుడు ఎముకలను ఐదు తెగలుగా విభజించి, ముక్కు, చెవి మున్నగుచోట్ల నుండు మెత్తనివానికి తరుణాస్థులని పేరిడెను. నేటి శాస్త్రగ్రంథములు ఈ ధాతువునే మృదులాస్థి యనుచున్నవి. కీళ్లలో నిది ఎముకల కొనలకు అంటిపెట్టుకొనియుండు తెల్లని, నున్నని, గట్టి పొర. చూపునకు కొంచెము ముదిరిన లేతకొబ్బరివలె నుండును. మోకాటిలో దీని మందము సామాన్యముగా 2 మొదలు 4 మిల్లీమీటర్లు. మోకాలిచిప్ప వెనుక కొంత హెచ్చు. ఇంత పలుచని పొరయే మన బరువునంతయు మోయుచు, ఎముకను ఎముక రాయకుండ జారనిచ్చుచున్నది.

ఈ పొరలో ఇంచుమించు నాలుగింట మూడుపాళ్లు నీరే. తక్కినదానిలో ముఖ్యమైనవి రెండు: కొల్లాజెన్ అను సన్నని నారల వల యొకటి, ఆ వల సందులలో నుండి నీటిని పీల్చి పట్టియుంచు పదార్థమొకటి. సబ్జాగింజలను గుడ్డలో మూటగట్టి నీటిలో వేసితిమనుకొనుడు. గింజలు ఉబ్బజూచును, గుడ్డ వానిని బిగబట్టును, ఆ రెంటి పోరాటమువలన మూట గట్టిపడి, ఒత్తిన అడగి, విడిచిన లేచుచుండును. మృదులాస్థి బలము ఈ విధమైనదే. గుడ్డ చిరిగినచో మూట మెత్తబడిపోవును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి: ఈ పొరలో రక్తనాళములు లేవు, నరములును లేవు. చర్మము తెగినచో రక్తము వచ్చి, గడ్డకట్టి, గాయము మానును. రక్తమే రానిచోట మానుట యెట్లు? 1743లో విలియం హంటర్ అను వైద్యుడు లండను నగరపు రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసమున, ఈ పొర యొకసారి చెడినచో తిరిగి రాదను సంగతి పూర్వమునుండి వైద్యులందరు ఒప్పుకొన్నదే యని వ్రాసెను. దాదాపు మూడువందల యేండ్లు గడచినను ఆ మాట చాలవరకు నిలిచియే యున్నది.

రక్తము చేరని పొరకు ఆహార మెట్లు చేరును? కీలు చుట్టునుండు లోపొర యొక జిగట ద్రవమును స్రవించును. అడుగు మోపినపుడు మృదులాస్థి ఒత్తుకొని తనలోని నీటిని కొంత వెలికి విడుచును. అడుగెత్తినపుడు ఆ ద్రవమును మరల పీల్చుకొనును. ఈ ఒత్తుట, విడుచుటవలన పోషకములు లోపలి కణములకు చేరుచుండును. ఒడలికి రక్తమును గుండె నడిపినట్లు, కీలులోని యాహారమును మన కదలిక నడుపుచున్నది. మేము అత్తగారిని నాలుగు మాసములు మంచమునకు కట్టివేసి, రక్షింపదలచిన యా పొరనే పస్తు పెట్టితిమన్నమాట!

ఇంకొక వింత గలదు. 1950 తరువాతి పది పదునైదేండ్లలో కొన్ని దేశములు ఆరుబయట అణుబాంబులను పేల్చి పరీక్షించుటచే గాలిలో ఒక విధమైన కార్బన్ హెచ్చినది. అది పైరులలోనికి, పైరులనుండి అన్నములోనికి, అన్నమునుండి మనుష్యుల ఒడలిలోనికి చేరినది. ఏ యేట తయారైన ధాతువులో ఆ యేటి గాలి గురుతు నిలిచియుండును. ఈ గురుతును పట్టుకొని శాస్త్రజ్ఞులు మోకాటి మృదులాస్థిలోని నారలను పరీక్షించి 2016లో ఫలితములు ప్రకటించిరి. ఆ నారల వల బాల్యయౌవనములలో అల్లబడినదే; పెద్దయైన పిమ్మట అందు క్రొత్తది చేరుట లేనట్లే. నీటిని పట్టు పదార్థము మాత్రము మారుచుండును. అనగా అరువదవ యేట మనము కట్టుకొనియున్నది కన్నెతనమున నేసిన చీరయే. దానిని చింపుకొనరాదు; అట్లని పెట్టెలో మడిచిపెట్టినను చిమ్మటలు కొట్టును.

నొప్పి యెక్కడిది?

నరములు లేని పొర నొప్పిని తెలుపదు గదా. మరి అత్తగారి బాధ యెక్కడిది? పొర క్రింది ఎముకకు, కీలు లోపొరకు, చుట్టునున్న పట్టెలకు నరములు గలవు, బాధ వానిది. ఆస్టియో ఆర్థరైటిస్ అను ఈ వ్యాధి చెప్పు అడుగు అరిగినట్లు అరుగుట మాత్రమే కాదు; కీలంతటికి కలిగిన జబ్బు. మృదులాస్థి పలుచబడును, క్రింది ఎముక గట్టిపడి అంచులందు మొటికలవలె పెరుగును, లోపొర వాచును, తొడకండరము బలహీనమగును. కావున ఎక్సురేలో అరుగుదల మిక్కుటముగా కనబడినను సుఖముగా నడచువారు కలరు. కొంచెమే కనబడినను మిక్కిలి బాధపడువారును కలరు. బొమ్మను చూచి మనిషిని మంచమున పడవేయరాదు.

2020లో ప్రపంచమున 59 కోట్ల 50 లక్షలమందికి ఈ వ్యాధి యున్నదని లెక్కవేసిరి. అందు స్త్రీలే యెక్కువ. ముట్లుడిగిన పిమ్మట మోకాటి బాధ మరింత హెచ్చుట కానవచ్చుచున్నది. ఐనను కీళ్లనొప్పులన్నియు నిదియే యని తలపరాదు. చేతివ్రేళ్ల కీళ్లు రెండు ప్రక్కల వాచి, ఉదయము గంటకు పైగా బిగిసియుండు కీళ్లవాతము వేరు. నల్లగొండ, ప్రకాశము జిల్లాలలో నీటిలోని ఫ్లోరైడుచే ఎముకలు బిగిసిపోవు వ్యాధి వేరు. కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరము వచ్చినను, పడినపిమ్మట కాలు మోపలేకపోయినను, మోకాలు ముడుచుకొని తెరచుకొనకపోయినను ఆలసింపక వైద్యునికి చూపవలెను.

నోరులేని జీవుల సాక్ష్యము

మనుష్యులు రెండు కాళ్లపై నిలుచుటచేతనే ఈ బాధ వచ్చినదని కొందరందురు. మా రాముడు నాలుగు కాళ్లపై నిలిచినదే! త్రవ్వకములలో దొరకిన ఎద్దుల పాదముల ఎముకలందలి మార్పులను చూచి, అవి బరువులాగిన పశువులని పురావస్తు పరిశోధకులు గుర్తింతురు. అమెరికాలో 12 ఏండ్లు దాటిన పిల్లులకు ఎక్సురేలు తీసి చూడగా నూటికి 90 పిల్లుల కీళ్లలో క్షీణత కనబడినది. పిల్లి మూలుగదు, గోడపైకి దుముకుట మాత్రము మానివేయును. ముసలితనము గదా యని మనమూరకుందుము. మన పెద్దవారును అట్లే గుడికి పోవుట మానుదురు, పేరంటమునకు పోవుట మానుదురు, మనమూరకుందుము.

కుక్కలతో జరిపిన పరిశోధన యొకటి మనకు మిక్కిలి యుపయోగపడునది. 48 లాబ్రడార్ కుక్కపిల్లలను జతలు చేసి, జతలో నొకదానికి రెండవదానికంటె నాలుగవవంతు తక్కువ తిండి పెట్టుచు, అవి బ్రతికినంతకాలము పరిశీలించిరి. 2002లో ప్రకటించిన ఫలితములనుబట్టి, మితముగా తిన్నవాని మధ్యస్థ ఆయుర్దాయము 13 ఏండ్లు. ఎక్కువ తిన్నవానిది 11 ఏండ్ల పైచిలుకు. మితభోజులకు కీళ్లవ్యాధి ఆలస్యముగాను, తక్కువగాను వచ్చినది.

మనుష్యులయందును అంతే. బరువెక్కువైన వృద్ధులను పరీక్షించి 2005లో ప్రకటించినదానినిబట్టి, ఒడలి బరువు ఒక కిలో తగ్గినచో ప్రతి యడుగునందును మోకాటిపై పడు భారము నాలుగు కిలోలు తగ్గును. దినమునకు మనము వేయు వేలకొలది అడుగులను లెక్కించి చూచుకొనుడు! అమెరికాలోని ఫ్రామింగ్‌హాం పట్టణపు స్త్రీలలో, పదేండ్ల కాలమున ఇంచుమించు 5 కిలోలు తగ్గినవారికి మోకాటి వ్యాధి కలుగు భయము సగమునకు పైగా తగ్గినదని 1992లో తేలినది. బాలింతతనమున చేరిన బరువు, మిగిలిన అన్నము పారవేయ మనసొప్పక తిన్న బరువు, ఇవన్నియు మోకాళ్లే మోయవలసియున్నవి.

మందులు, శస్త్రములు

“గుజ్జు పెరుగుటకు మందు లేదా?” అని ప్రతి యింటను అడుగుదురు. మెక్సికో దేశమున ఆక్సొలాటల్ అను నీటిజీవి గలదు. కాలు తెగినను ఎముకతో, మృదులాస్థితో గూడ క్రొత్తకాలును మొలిపించుకొనును. మనకా వరము లేదు. అరిగిన కీలులో మృదులాస్థిని యథాతథముగా పెంచునని ఋజువైన మందు నేటివరకు లేదు. గుజ్జు పెరుగునని అమ్ముడుపోవు గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ బిళ్లలను అమెరికాలో 1583 మందిపై పరీక్షించి, మొత్తముమీద అవి ఉత్తుత్తి బిళ్లలకంటె మేలుచేయలేదని 2006లో ప్రకటించిరి. కీలులోనికి గొట్టముపంపి కడిగి, అరిగినచోట్లను నునుపుచేయు శస్త్రచికిత్సను 180 మందిపై పరీక్షించిరి. అందు కొందరికి చర్మముపై గాట్లుమాత్రము పెట్టి కుట్టివేసిరి. లోపల చికిత్స పొందినవారికి, ఉత్తగాట్లు పొందినవారికి నొప్పిలో భేదము లేకపోయినదని 2002లో తెలిసినది.

అట్లని వైద్యశాస్త్రము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. స్వీడన్ దేశపు గోథెన్‌బర్గు నగరమున రోగి మోకాటినుండియే మృదులాస్థి కణములను కొన్ని తీసి, బయట పెంచి, గాయమైనచోట తిరిగి నాటిరి. 23 మందికి చేసిన ఈ చికిత్సాఫలితములు 1994లో వెలువడినవి. ఆటలలోనో, ప్రమాదములోనో చిన్నగాయమైన పడుచువారికి ఇట్టివి తగును. కీలంతయు క్షీణించిన పెద్దవారికి కాదు. నొప్పిచే నిద్రపట్టక, ఏ యుపాయమునకు లొంగక, నడక నిలిచిపోయినవారికి కృత్రిమకీలు అమర్చు శస్త్రచికిత్స గొప్ప మేలు చేయుచున్నది. దానికి భయపడనక్కరలేదు, తొందరపడనక్కరయు లేదు. అంగడిలో కొన్న నొప్పిబిళ్లలను మాసములతరబడి మ్రింగుట మాత్రము కడుపునకు, మూత్రపిండములకు చేటు, వైద్యునడిగియే వాడవలెను.

మేము చేసినది

వైద్యుడు మాకు చెప్పిన చికిత్స రూపాయి ఖర్చు లేనిది. కుర్చీలో కూర్చుండి, కాలు చక్కగా ముందుకు చాచి, తొడ బిగించి, అయిదు లెక్కించి దింపవలెను. ఒక్కొక్క కాలితో పదిసార్లు, పూటకొక పర్యాయము. చేతుల ఊతలేకుండ కుర్చీనుండి లేచి కూర్చుండుట సాధ్యమైనన్నిసార్లు. చదునైన నేలపై నడక, మొదట అయిదు నిమిషములు, పిమ్మట క్రమముగా హెచ్చు. చేతికర్ర నొప్పిలేని ప్రక్క చేత పట్టవలెను. మేము దానిని తలక్రిందుగా పట్టించుచుంటిమి! మెట్లెక్కునప్పుడు మంచికాలు ముందు, దిగునప్పుడు నొప్పికాలు ముందు. వ్యాయామమునకు పిమ్మట కొంచెము నొప్పి కలిగినను భయపడరాదు. అది మరునాటికిని తగ్గకున్న ఆ పని కొంత తగ్గించుకొనవలెను, మానరాదు.

నేల కూర్చుండుటను గూర్చియు అడిగితిమి. బీజింగు నగరపు వృద్ధులను పరీక్షించినవారు, పడుచుతనమున దినమునకు చాలసేపు గొంతుక్కూర్చున్నవారికి మోకాటి వ్యాధి హెచ్చుగా నుండుటను 2004లో తెలిపిరి. కనుక కత్తిపీట మానిపించి బల్లపై కూరలు తరుగుట అలవాటు చేసితిమి. పీటపై భోజనము మాని బల్లకడ కూర్చుండుటకు ఆమె మొదట ఒప్పుకొనలేదు, మా తండ్రిగారు “వదినగారూ, ఎద్దును నాగలి మాన్పించానుగాని నడక మాన్పించలేదు. ఇదీ అంతే” అని నచ్చజెప్పిరి. రాత్రిపూట అన్నము తగ్గించి కూర హెచ్చించితిమి.

మొదటి నెల కన్నీళ్లతో గడచినది. ఆమె కాలు చాచునప్పుడు మేమును ఎదుట కుర్చీ వేసికొని కాలు చాచితిమి. మా పిల్లలు అయిదంకెలు లెక్కపెట్టిరి. మూడవ నెలలో స్నానాలగదికి ఒంటరిగా పోయెను. సంవత్సరము నిండునప్పటికి ఆరు కిలోల బరువు తగ్గెను. నొప్పి పూర్తిగా పోలేదు. మబ్బుపట్టిన దినమున ఇప్పటికిని మోకాలు పట్టుకొనుచునే యున్నది. ఎక్సురే మరల తీయించినచో ఎడము పెరిగియుండదని మాకు తెలియును. కాని గత కార్తికమున కమ్మీ పట్టుకొని, నడుమ రెండుచోట్ల కూర్చుండి, నలువది మెట్లను తానే యెక్కెను. మేము చేయి అందీయబోగా, “నువ్వు వెనకాలే రా, పట్టుకోకు” అనెను.

సోదరీమణులారా! మనలో ముప్పది, నలువది యేండ్లవారికి మోకాళ్లు ఇంకను మాటాడుట లేదు. అవి మాటాడకముందే తొడలకు బలము, ఒడలికి మితము చేకూర్చుకొనుడు. మీ యింట పెద్దవారుండి మోకాలు నిమురుకొనుచున్నచో, వారి పనులన్నియు మీరే చేసిపెట్టి పుణ్యము కట్టుకొందమని మావలె తొందరపడకుడు. బరువుపని తప్పింపుడు, చేయగలిగిన పనిని మాత్రము వారి చేతినుండి లాగికొనకుడు. ఈ సాయంకాలమే వారి చెప్పులు తెచ్చి వాకిట పెట్టి, “రండి, వీధి చివరిదాక పోయివత్తము” అనుడు.